రోజువారీ పనుల నుంచి ఆధ్యాత్మిక పాఠం తీసుకోవడం ఎలా? 24 రోజుల పద్ధతి

"ఇంటి పని, ఉద్యోగం, పిల్లల చదువులు, పెద్దవాళ్ల మందులు, వీటి మధ్య జపానికో ధ్యానానికో అరగంట కూడా చిక్కడం లేదు. రోజువారీ జీవితంలోనే ఆధ్యాత్మిక పాఠాలు ఉంటాయంటారు కదా, వాటిని పట్టుకోవడం ఎలా?" అని నన్ను చాలామంది అడుగుతుంటారు. కొన్నాళ్లకు వాళ్లలోనే కొందరు మళ్లీ వచ్చి, "ప్రయత్నించాను, కానీ పాఠమేమీ కనబడలేదు, జరిగింది జరిగినట్టే ఉంది" అంటారు. ముఖ్యంగా ఈ రెండో మాట అన్నవారి కోసమే ఇది రాస్తున్నాను. వాళ్లకు భక్తి తక్కువై పాఠం దొరక్కపోవడం నేను చూడలేదు. దేన్ని చూడాలి, చూసినదాన్ని ఏం చేయాలి అన్నది ఎవరూ విడమరచి చెప్పకపోవడం వల్లనే వాళ్లు ఆగిపోయారు.

ఈ పద్ధతికి మూలం కొత్తది కాదు. భాగవతం పదకొండో స్కంధంలో ఏడో అధ్యాయం నుంచి తొమ్మిదో అధ్యాయం దాకా శ్రీకృష్ణుడు ఉద్ధవుడికి ఒక అవధూత వృత్తాంతం చెబుతాడు. ఏ చింతా లేకుండా తిరుగుతున్న ఆ అవధూతను యదుమహారాజు చూసి, నీకీ స్థితి ఎలా వచ్చిందని అడిగితే, ఆయన తనకు 24 మంది గురువులున్నారని చెప్పి, భూమి, గాలి, నీరు, పావురం, కొండచిలువ, సముద్రం, తేనెటీగ, చేప, బాణాలు చేసేవాడు, సాలెపురుగు అంటూ ఒక్కొక్కరి పేరూ చెబుతాడు. ఆ అవధూత దత్తాత్రేయుడేనని సంప్రదాయం. అక్కడ ఆయన అన్న ఒక మాట మనకు చాలా ముఖ్యం: ఈ గురువులను తాను తన బుద్ధితో ఆశ్రయించానంటాడు. పావురం ఆయనకు ఏమీ బోధించలేదు, చేప ఉపదేశం చేయలేదు. చూసినవాడే నేర్చుకున్నాడు. తెలుగులో చదవాలనుకునేవారికి ఒక సూచన: పోతన భాగవతంలో ఈ స్కంధాన్ని తెలిగించిన వెలిగందల నారయ దీన్ని బాగా క్లుప్తం చేశాడు, కాబట్టి ఈ ఘట్టం వివరంగా కావాలంటే సంస్కృత మూలానికి తెలుగు తాత్పర్యం ఉన్న ప్రతిని చూడండి.

కావలసినవి

ఒక 40 పేజీల నోటు పుస్తకం, ఒక కలం, రోజుకు పది నిమిషాలు, మీరు ఎలాగూ ప్రతిరోజూ చేసే ఒక పని. ఇంతకు మించి ఏమీ అక్కర్లేదు. ఇప్పటికే నిత్యపూజో, నమాజో, ప్రార్థనో ఉంటే దాన్ని అలాగే కొనసాగించండి, ఇది దానికి బదులు కాదు. ఫోనులో రాసుకోవచ్చా అని అడుగుతారు. వద్దనే చెబుతాను, ఎందుకంటే రాయడానికి ఫోను తెరిచిన చేయి మరో నిమిషంలో వేరే సందేశాలు చూస్తూ ఉంటుంది. అయితే చూపు మందగించినవారు, రాత అలవాటు లేనివారు ఫోనులో తమ గొంతే రికార్డు చేసుకోవచ్చు. ఇంట్లో మనవరాలో మనవడో ఉంటే చెప్పి రాయించుకోవడం ఇంకా మంచిది.

24 రోజులు అన్నది నేను పెట్టుకున్న లెక్క, ఆ 24 మంది గురువుల గుర్తుగా. మండలం రోజులు చేయాలనుకుంటే చేయండి, కానీ 24 కంటే తగ్గించవద్దు. మొదటి వారమంతా మనకు తెలిసిన నీతులే మళ్లీ రాస్తాం. అవి అయిపోయాక గానీ అసలు చూపు మొదలవదు.

చేసే విధానం

1. ఒకే ఒక్క పనిని ఎంచుకోండి.

రోజంతా అన్నిట్లోనూ పాఠం వెతుకుతానని మొదలుపెట్టినవారు నాలుగో రోజుకే అలసిపోయి మానేస్తారు. గిన్నెలు తోమడం, వాకిలి ఊడ్చి ముగ్గు పెట్టడం, బస్సులో ఆఫీసుకు వెళ్లడం, దుకాణం షట్టరు తీసి సరుకు సర్దడం, పొలానికి నీళ్లు పెట్టడం, అత్తగారికో నాన్నగారికో మందులు ఇవ్వడం, ఇలాంటి వాటిలో ఒకటి చాలు. 24 రోజులూ అదే పని. బుద్ధుడి శిష్యుల్లో చూళపంథకుడనే భిక్షువు ఉండేవాడు. నాలుగు నెలలైనా ఒక్క గాథ (పద్యం) కూడా అతనికి కంఠస్థం కాలేదట. బుద్ధుడు అతని చేతికి ఒక తెల్లని గుడ్డ ఇచ్చి, దాన్ని చేత్తో రుద్దుతూ ఉండమన్నాడు. రుద్దగా రుద్దగా ఆ గుడ్డ మాసిపోవడం చూసి అతను అనిత్యత అంటే ఏమిటో గ్రహించాడు. అతనికి ఇచ్చింది ఒక్క గుడ్డ, ఒక్క పని. రాత్రి డ్యూటీలు చేసేవారు, రోజూ వేళలు మారేవారు వేళను పట్టించుకోకుండా పనిని మాత్రమే పట్టుకోండి.

ఎంచుకునేటప్పుడు ఒక జాగ్రత్త: మీకు బాగా ఇష్టమైన పనిని తీసుకోకండి. కాస్త విసుగు పుట్టించే పని అయితే మనసు బయటపడుతుంది.

2. చూసింది చూసినట్టు రాయండి. ఆ పేజీలో ఇంకా పాఠం రాయవద్దు.

ఎక్కువమంది తప్పటడుగు వేసేది ఇక్కడే కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను. మా ఇంటికి కొళాయి నీళ్లు రోజు విడిచి రోజు, సుమారు గంటసేపు వస్తాయి. నేను ఎంచుకున్న పని ఆ నీళ్లు పట్టడం. మొదటిసారి నా పుస్తకంలో రాసిన వాక్యం ఇది: "ఈ రోజుల్లో మనుషులకు స్వార్థం పెరిగిపోయింది, తృప్తి లేనిదే సుఖం లేదు." చదవడానికి ఆధ్యాత్మికంగానే ఉంది. కానీ ఆ రోజు ఉదయం ఏం జరిగిందో అందులో ఒక్క ముక్క కూడా లేదు. దాన్ని కొట్టేసి, మళ్లీ రాశాను: "నీళ్లు సన్నగా వచ్చాయి. కింది ఇంట్లో కొళాయికి మోటారు పెట్టిన చప్పుడు వినిపించింది. నేను వంటింటి కిటికీ దగ్గరికి వెళ్లి వాళ్ల పైపు వైపు నాలుగుసార్లు చూశాను. మూడోసారి చూసి వచ్చేసరికి నా ఇత్తడి బిందె నిండి పొర్లుతోంది, నీళ్లు గుమ్మం దాకా పారాయి."

ఈ రెండింటికీ ఉన్న తేడా గమనించండి. మొదటిది ఎవరైనా, ఏ రోజైనా, ఇంట్లో కూర్చునే రాయగలిగిన మాట. రెండోదానిలో లెక్క ఉంది, చప్పుడు ఉంది, చోటు ఉంది. అవధూత చెప్పిన కన్య కథలోనూ ఇంతే. పెళ్లిచూపులకు వచ్చినవారికి వండిపెట్టడానికి ఒక కన్య ఒంటరిగా ధాన్యం దంచుతుంటే, ఆమె చేతి శంఖపు గాజులు గలగలమన్నాయి. ఆమె సిగ్గుపడి ఒక్కొక్కటే పగలగొట్టి, చేతికి రెండేసి ఉంచుకుంది. అప్పుడూ చప్పుడు ఆగలేదు. చేతికి ఒక్కటి మిగిలాక ఆగింది. పలువురు కలిసి ఉంటే తగవు, ఇద్దరైనా మాటలు తప్పవు, ఒంటరిగా ఉండాలి అని ఆయన తీసుకున్న పాఠం ఆ గాజుల లెక్క మీద నిలిచింది. ఆయన ఎన్ని గాజులకు ఎంత చప్పుడో చూడకపోయి ఉంటే ఆ పాఠమే లేదు.

మూడు నుంచి ఐదు వాక్యాలు చాలు. "ఎప్పుడూ", "అందరూ", "ఈ కాలంలో", "లోకం" అనే మాటలు పడితే అక్కడే ఆగి, ఆ వాక్యాన్ని మార్చి రాయండి.

3. మనసు ఎక్కడ కదిలిందో దాని కింద గీత గీయండి.

రాసిన వాక్యాల్లో కోపమో, భయమో, అసూయో, చిన్న సంతోషమో కలిగిన చోటును గుర్తుపట్టండి. నా విషయంలో ఆ గీత "నాలుగుసార్లు" అన్న మాట కింద పడింది. ఏ రోజైనా ఎక్కడా మనసు కదలలేదనిపిస్తే, ఆ పేజీని చూసిన వాక్యాలతోనే వదిలేయండి. బలవంతంగా ఏదో ఒకటి కల్పించవద్దు. 24 రోజుల్లో పది రోజులు ఇలా ఖాళీగా పోయినా తప్పులేదు.

4. "ఇందులో నాది ఎంత?" అని అడగండి.

ఎదుటివారిది ఎంత అని అడగవద్దు, ఎందుకంటే ఆ జవాబు మనకు అడగకముందే తెలుసు. మీరు చేసినది, మీరు చేయకుండా వదిలేసినది, మీరు ఊహించుకున్నది, ఈ మూడింటినీ చూడండి. నేను కిటికీ దగ్గరికి నాలుగుసార్లు వెళ్లడం నా పని. బిందె పొర్లడం దాని ఫలితం. కింది ఇంటావిడ మోటారు పెట్టడం ఆవిడ పని, అది నిబంధనలకు విరుద్ధమే. దాని మీద ఫిర్యాదు చేయాలంటే చేయవచ్చు. కానీ ఆ ఫిర్యాదు ఈ పుస్తకంలో రాసేది కాదు, దానికి వేరే కాగితం ఉంటుంది.

5. పాఠాన్ని ఒక్క వాక్యంలో, "నేను" అన్న మాటతో రాయండి.

"మనిషి తృప్తిగా ఉండాలి" అని రాస్తే ఆ మనిషి ఎవరో తెలియదు. "కింది ఇంటి పైపు చూస్తున్నంతసేపూ నేను నా బిందె దగ్గర లేను" అని రాసుకున్నాను. ఇది సుభాషితంలా వినిపించదు, ఎవరికీ పంపించుకోవాలని కూడా అనిపించదు. అలా అనిపించకపోవడం మంచి గుర్తు. వాక్యం మరీ అందంగా వచ్చిందంటే, ఎక్కడో విన్నదేమో ఒకసారి అనుమానించండి.

కొందరికి భగవంతుడి పేరు తలవకుండా రాసేది ఆధ్యాత్మికం ఎలా అవుతుందన్న సందేహం వస్తుంది. కావాలంటే వాక్యాన్ని ప్రార్థనగా మార్చుకోండి: "స్వామీ, నా చూపును నా పని మీద ఉంచు." క్రైస్తవులైతే విత్తువాని ఉపమానం, పిండిలో దాచిన పుల్లని పిండి ఉపమానం ఎలా ఉన్నాయో చూడండి, యేసు ప్రభువు పొలాన్నీ వంటింటినీ చూపించే బోధించాడు. ఖురానులో తేనెటీగ పేరు మీద ఒక సూరా (అధ్యాయం) ఉంది, ఆలోచించేవారికి అందులో నిదర్శనం ఉందని అక్కడ చెప్పబడింది. ఎవరి సంప్రదాయంలో వారు ఈ వాక్యాన్ని నిలుపుకోవచ్చు, పద్ధతి మారదు.

6. మరుసటిసారికి ఒక చిన్న పని నిర్ణయించుకోండి.

పని అంటే చేశామో లేదో స్పష్టంగా చెప్పగలిగేది. "ఓర్పుగా ఉంటాను" అన్నది పని కాదు, ఎందుకంటే ఉన్నానో లేదో రాత్రికి చెప్పలేను. "నీళ్లు పట్టేంతసేపూ కిటికీ దగ్గరికి వెళ్లను" అన్నది పని. నేను ఆ ఎల్లుండి నీళ్లు వచ్చినప్పుడు అలాగే కొళాయి దగ్గర నిలబడ్డాను. ఊరికే నిలబడితే చూపు ఎక్కడో ఒకచోట ఆనాలి కదా, అది కొళాయి మూతికి కట్టిన వడపోత గుడ్డ మీద ఆనింది. తెల్లని పంచె ముక్క, ఎప్పుడో కట్టింది, ఎర్రమట్టి పట్టి తోలులా బిగుసుకుపోయింది. విప్పి ఉతికి మళ్లీ కడితే ధార కొంచెం లావైంది. కొంచెమే. మోటారు చప్పుడు ఆ రోజూ వినిపిస్తూనే ఉంది. నా ఇబ్బందికి రెండు కారణాలూ నిజమే, కానీ ఇన్నాళ్లూ నాకు ఒకటే కనిపించింది, నా చేతిలో ఉన్నది కనిపించలేదు. ఆ రాత్రి పుస్తకంలో అదే రాసుకున్నాను.

ప్రతి పాఠం ఇలా వెంటనే ఏదో చూపిస్తుందని నేను మాట ఇవ్వలేను. చాలా రోజులు అనుకున్న పని చేయడమే మరిచిపోతాం. మరిచిపోతే "మరిచిపోయాను" అని రాసి, మర్నాటికి అదే పనిని మళ్లీ పెట్టుకోండి.

7. ఎనిమిదో రోజు, పదహారో రోజు వెనక్కి చదవండి.

ఆ రెండు రోజులూ కొత్తగా ఏమీ రాయకుండా, గీత గీసిన చోట్లు మాత్రమే వరుసగా చదవండి. ఒకే రకం గీత మళ్లీ మళ్లీ కనిపిస్తుంది. కొందరికి అన్నిచోట్లా తొందర, కొందరికి "నన్నెవరూ గుర్తించలేదు" అన్న బాధ, కొందరికి పోలిక. మీకు ఎక్కువసార్లు వచ్చినదాన్ని పేజీ పైన రాసుకోండి, మిగిలిన రోజుల్లో దాన్నే వెతకండి.

ఈ విషయాల్లో జాగ్రత్త

దుఃఖం మీద పాఠం రుద్దవద్దు. ఇంట్లో మరణం జరిగినప్పుడు, జబ్బు బయటపడినప్పుడు, ఉద్యోగం పోయినప్పుడు పుస్తకాన్ని పక్కన పెట్టేయండి. ఆ సమయంలో "ఇందులో నాకేదో పాఠం ఉంది" అని వెతకడం పుండును గోటితో రేపడమే. అంతకంటే తప్పు, ఎదుటివారి దుఃఖంలో వారికి పాఠం చూపించడం. బిడ్డను పోగొట్టుకున్న తల్లితో పూర్వజన్మ కర్మ అన్నవారిని చూశాను, ఆ తల్లి ముఖం కూడా చూశాను. ఎవరి కర్మ లెక్కా చెప్పే అధికారం మనకు లేదు.

మిమ్మల్ని కొడుతున్నా, రోజూ అవమానిస్తున్నా, జీతం ఎగ్గొడుతున్నా, దాని నుంచి ఓర్పు అనే పాఠం తీసుకోవద్దు. అవధూత భూమి నుంచి ఓర్పు నేర్చుకున్నాడు, నిజమే. కానీ అదే అవధూత, గూడు మీదా పిల్లల మీదా ఉన్న మోహంతో తెలిసి తెలిసి వలలో పడిన పావురాన్ని చూసి, అలా ఉండకూడదని కూడా నేర్చుకున్నాడు. అన్యాయం జరుగుతున్నచోట మొదటి పని సహాయం అడగడం. రెండు వారాలకు మించి నిద్రపట్టక, ఏ పనీ చేయబుద్ధి కాక, బతుకు మీద విరక్తి పుడుతుంటే దాన్ని వైరాగ్యమని పొరబడకండి. వైద్యుడిని కలవండి, లేదా 14416 నంబరుకు ఫోను చేయండి. అది ప్రభుత్వం నడిపే టెలీ మానస్ సేవ, ఉచితం, తెలుగులోనూ మాట్లాడతారు.

తరచూ జరిగే పొరపాట్లు

తయారుగా ఉన్న మాటను అతికించడం అన్నిటికంటే పెద్దది. "అంతా మన మంచికే", "ఏది ఎలా జరగాలో అలాగే జరుగుతుంది" అనేవి ఏ సంఘటనకైనా సరిపోతాయి, అందుకే ఏ సంఘటన గురించీ ఏమీ చెప్పవు. ఇలాంటి వాక్యం వచ్చిందంటే రెండో మెట్టు సరిగా జరగలేదని అర్థం, వెనక్కి వెళ్లి చూసినదాన్ని మళ్లీ రాయండి.

పాఠాన్ని ఇంట్లోవాళ్లకు వల్లించడం మరో పొరపాటు. నేర్చుకున్నది భోజనాల దగ్గర చెప్పాలని ఎంతగానో అనిపిస్తుంది. 24 రోజులు పూర్తయ్యే దాకా ఎవరికీ చెప్పవద్దు. చెప్పేస్తే చేసినంత తృప్తి కలిగి, చేయడం మానేస్తాం.

ఇక శకునాల వైపు జారిపోవడం. "ఈ రోజే బస్సు తప్పిందంటే దేవుడు ఏదో సూచిస్తున్నాడు" అని రాసే పేజీలు కొందరి దగ్గర చూశాను. బస్సు తప్పినప్పుడు నా మనసు ఏం చేసిందన్నదే మన విషయం. బస్సు ఎందుకు తప్పిందన్నది డిపో విషయం.

ఫలితం సరిచూసుకోవడం

రాసేటప్పుడు మనసు తేలికపడితే పాఠం వంటబట్టిందని చాలామంది అనుకుంటారు. దాన్ని నమ్మవద్దు. అరిసెలు వండేవారికి ఇది బాగా తెలుసు. పొయ్యి మీద బెల్లం నురగలు కడుతూ ఉంటే పాకం వచ్చినట్టే కనిపిస్తుంది. అయినా ఎవరూ ఆ గిన్నెను చూసి పిండి కలపరు. పళ్లెంలో చన్నీళ్లు పోసి, ఒక చుక్క అందులో వేసి, వేళ్లతో దగ్గరికి తీస్తారు. ఉండగా వస్తే పాకం, కరిగి జారిపోతే ఇంకా కాగాలి. మీ పాఠాన్నీ అలాగే, మీరు రాసుకునే వేళలో కాకుండా, చల్లారిన తరువాత, వేరే చోట చూసుకోవాలి.

చూసుకోవలసినవి ఇవి. ఎంచుకున్న పని కాకుండా మరో పనిలో, మరో మనిషి దగ్గర అదే సందర్భం వచ్చినప్పుడు మీరు చేసింది మారిందా? కోపం వచ్చి, చల్లారడానికి పట్టే సమయం మొదటి రోజుల్లో ఎంత, ఇప్పుడు ఎంత? తప్పు చేశానని ఒప్పుకోవడానికి పూర్వం ఎన్ని రోజులు పట్టేది, ఇప్పుడెంత? వీటిలో ఒక్కదానికి జవాబు మెరుగ్గా ఉన్నా 24 రోజుల శ్రమ ఫలించినట్టే. ఇంట్లోవాళ్లను "నేను మారానా?" అని అడగవద్దు, మొహమాటానికి అవుననేస్తారు. వాళ్లు అడగకుండానే ఏమైనా అన్నారేమో గుర్తు చేసుకోండి. నా విషయంలో, కింది ఇంటావిడ ఎదురుపడితే మెట్ల మీద ముఖం తిప్పుకోవడం మానేశానని నేను గమనించుకోలేదు. ఆవిడే ఒకరోజు మా గుమ్మం దగ్గర ఆగి, మోటారు వల్ల మీకు నీళ్లు సరిగా వస్తున్నాయా అని అడిగారు. రావడం లేదనే చెప్పాను. అప్పటి నుంచి నీళ్లు వచ్చిన మొదటి అరగంట ఆవిడ మోటారు వేయడం లేదు.

ఏ మార్పూ కనబడకపోతే పద్ధతిని మార్చకండి, పనిని మార్చండి. ఒంటరిగా చేసే పని తీసుకుని ఉంటే, ఈసారి మనుషుల మధ్య చేసేది తీసుకోండి, ఎందుకంటే గిన్నెల దగ్గర పైకి రాని కోపం బస్సులో సీటు దగ్గర వస్తుంది. మార్పు కనిపించినవారు పుస్తకంలోని "నేను" వాక్యాలన్నీ ఒకసారి చదివి, ఇప్పటికీ నిజమనిపించిన రెండు మూడింటిని కొత్త పుస్తకం మొదటి పేజీలో దించుకొని, మిగతావి వదిలేసి, ఇంకో పనితో మళ్లీ మొదటి రోజు నుంచి మొదలుపెట్టండి.